చోటు చెప్పే గడియారం, దారి చెప్పే నేల

కోనసీమలో ముక్తేశ్వరం రేవులో నిలబడి చేతి గడియారంలో కోటిపల్లిని గమ్యంగా ఎంచుకుంటే, తెర మీది బాణం గోదావరి గౌతమి పాయకు అడ్డంగా అవతలి ఒడ్డును చూపిస్తుంది. దూరం ఏటి వెడల్పుకు కాస్త ఎక్కువ, అంతే. ఏరు దాటించే పంటు తిరుగుతున్న రోజున ఆ లెక్క సరైనదే. గోదారికి ఎర్రనీరు వచ్చి పంటు ఆపేసిన రోజున మాత్రం అటు రావులపాలెం వంతెన మీదుగానో, ఇటు ఎదుర్లంక వంతెన దాటి యానాం వైపు నుంచో చుట్టి రావాలి. అప్పుడు కూడా గడియారంలో బాణం మారదు, దూరం మారదు. మారింది దారి ఒక్కటే.

జీపీఎస్ గడియారం గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇదే. అది చోటు చెబుతుంది, దారి చెప్పదు. పరుగు పందేల వాళ్ల కోసం, కొండలెక్కే వాళ్ల కోసం తయారైన ఈ పరికరం బాటలేని చోట కూడా మనిషిని నడిపించగలదని దాన్ని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే, నడిపించగలదు. అయితే ఎంతవరకు గడియారాన్ని నమ్మాలో, ఎక్కడి నుంచి నేలను నమ్మాలో తెలిసినవాడికే అది పనికొస్తుంది. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి కోనసీమను మించిన పాఠశాల లేదు.

బాట లేని చోటు అంటే

హిమాలయాల్లో బాట లేని చోటు అంటే మంచు, రాళ్లు, లోయలు. నల్లమలలో అయితే అడవి. కోనసీమలో కొండ లేదు, లోయ లేదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ, సముద్రం దాకా, ఏటి ఒండ్రుతో ఏర్పడిన నేలే కోనసీమ. వైనతేయకు తూర్పున అమలాపురం, పడమట రాజోలు, పాయలు విడిపోయే తలభాగంలో కొత్తపేట ఉన్నాయి.

ఈ బల్లపరుపు నేలలో మనిషిని ఆపేది ఎత్తు కాదు, నీరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత పంట కాలువలు, బోదెలు, మురుగు కాలువలు ఈ నేలంతా అల్లుకుపోయాయి. వాటి మధ్య కొబ్బరి తోటలు, వరిచేలు, ఇటీవలి దశాబ్దాల్లో చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఏటిగట్టు దాటి లోపలికి వెళితే లంకలు. అక్కడ వేసవిలో ఇసుక మీద ట్రాక్టర్ పోయిన చాళ్లే దారులు. వర్షాకాలం వచ్చి వెళ్లాక ఆ చాళ్లు ఉండవు, ఒక్కోసారి ఆ ఇసుకే ఉండదు.

కాబట్టి ఇక్కడ నడిచేవాడికి రెండు ప్రశ్నలు. నేను ఎక్కడున్నాను? నీటిని ఎక్కడ దాటగలను? మొదటిదానికి గడియారం జవాబిస్తుంది. రెండోది మనం దానికి నేర్పాలి.

నాలుగు ఉపగ్రహాలు, ఒక గడియారం

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటి పన్నెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువలో భూమిని ఒకసారి చుట్టివస్తుంది. ప్రతిదానిలోనూ పరమాణు గడియారాలుంటాయి. ఈ సంకేతం ఇన్నింటికి బయలుదేరింది, ఆ క్షణంలో నేను ఇక్కడున్నాను అని ప్రతి ఉపగ్రహమూ ప్రకటిస్తూనే ఉంటుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో అంచనా కట్టినట్టే, సంకేతం బయలుదేరిన వేళకూ చేరిన వేళకూ ఉన్న తేడా నుంచి చేతి గడియారం దూరం లెక్కగడుతుంది.

మూడు దూరాలు తెలిస్తే అంతరిక్షంలో ఒక బిందువును గుర్తించవచ్చు. మరి నాలుగో ఉపగ్రహం ఎందుకు? చేతి గడియారంలో ఉండేది మామూలు క్వార్ట్జ్ స్ఫటికం. రేడియో తరంగం సెకనులో పదిలక్షో వంతులో 300 మీటర్లు పోతుంది. క్వార్ట్జ్ అంత కచ్చితంగా ఉండలేదు. అందుకే అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు తన గడియారం ఎంత తప్పిందన్నది కూడా అది తెలియని నాలుగో రాశిగా తీసుకుని, నాలుగు ఉపగ్రహాలతో నాలుగు సమీకరణాలు సాధిస్తుంది.

ఐన్‌స్టీన్ కూడా ఈ లెక్కలో ఉన్నాడు. వేగం వల్ల ఉపగ్రహ గడియారం కొంత నెమ్మదిస్తుంది, గురుత్వం తక్కువైనందువల్ల అంతకంటే ఎక్కువ త్వరపడుతుంది. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. సరిదిద్దకపోతే దూరాల లెక్క రోజుకు 11 కిలోమీటర్ల వంతున చెడుతుంది.

ఈ వ్యవస్థ అమెరికా సైన్యానిది. 2000 మే తొలి రోజుల వరకు పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. అది తీసేశాకే చేతిలో ఇమిడే పరికరాలకు నిజమైన విలువ వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1999లో, కాసియో సంస్థ జీపీఎస్ ఉన్న చేతి గడియారాన్ని తెచ్చింది. 2003లో గార్మిన్ ఫోర్‌రన్నర్ పరుగెత్తేవాళ్ల మణికట్టు మీదికి చేరింది. ఇవాళ్టి గడియారాలు జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ సంకేతాలను కూడా కలిపి వాడతాయి. మన నావిక్ తొలి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 చిన్న పరికరాలకు అనువైన ఎల్1 సంకేతాన్ని కూడా నావిక్‌కు చేర్చింది.

గట్టు వెడల్పు, తప్పు వెడల్పు

ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు ఫోనుకో గడియారానికో వచ్చే తప్పు సుమారు 5 మీటర్లు. మైదానంలో నడిచేవాడికి 5 మీటర్లు ఒక లెక్కలోది కాదు. కోనసీమలో అది పెద్ద సంగతి. చేను గట్టు అడుగున్నరో రెండడుగులో ఉంటుంది. పక్కన బోదె, దాని పక్కన మరో చేను. గడియారం చూపే చుక్క గట్టు మీద ఉన్నట్టా, బోదెలో ఉన్నట్టా, అవతలి చేలో ఉన్నట్టా? మూడూ ఆ 5 మీటర్ల లోపలే ఉన్నాయి. ఆఖరి అయిదు మీటర్లు కంటికే వదిలేయాలి. రాత్రిపూట తెర మీది గీతను చూస్తూ గట్ల మీద నడవడం ప్రమాదకరం అనడానికి కారణం ఇదే. గీత తప్పు కాదు, కాని గట్టు కంటే తప్పు వెడల్పు ఎక్కువ.

కొబ్బరి తోటలోకి వెళితే తప్పు ఇంకా పెరగవచ్చు. ఉపగ్రహ సంకేతం మన దాకా వచ్చేసరికి ఎంతో బలహీనమై ఉంటుంది. తడిసిన ఆకులు దాన్ని మరికొంత పీల్చేస్తాయి. నీటి ఉపరితలం నుంచి, డాబా గోడల నుంచి ప్రతిఫలించిన సంకేతం నేరుగా వచ్చినదానితో కలిసి లెక్కను చెడగొడుతుంది. ఇక్కడే ఎల్5 అనే రెండో సంకేతం అక్కరకొస్తుంది. పాత పౌర ఎల్1 సంకేతంలో ఒక్కో కోడు తునక సుమారు 293 మీటర్ల పొడవు, ఎల్5లో 29 మీటర్లు. తునక పొట్టిదైనకొద్దీ నేరుగా వచ్చినదాన్నీ, తాకి తిరిగి వచ్చినదాన్నీ వేరుచేయడం తేలిక. రెండు పౌనఃపున్యాలూ వాడే గడియారానికి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. తోటల్లో నడిచేటప్పుడు ఆ ఖర్చు పెట్టాలి, లంకలో తెరిపి ఇసుక మీద పొదుపు చేసుకోవచ్చు.

తెలుగునాట తప్పక చెప్పుకోవలసిన మరో తప్పు అయనోవరణానిది. వాతావరణం పైభాగంలోని ఆ పొరలో ఉండే ఎలక్ట్రాన్లు సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి ఈ పొర మన నెత్తిన బలంగానూ, కల్లోలంగానూ ఉంటుంది. సౌర చర్య ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ, పొద్దుగూకినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా సంకేతాలు రెపరెపలాడుతుంటాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ శాస్త్రానికి దేశంలోని తొలి కేంద్రాల్లో ఒకటి. ఆచార్య బి. రామచంద్రరావు అక్కడ అయనోవరణ పరిశోధనను నిలబెట్టారు. తర్వాతి తరంలో ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం, విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థ కోసం దేశమంతటా పెట్టిన కేంద్రాల కొలతలతో, ఈ ఆలస్యం ఎక్కడ ఎలా మారుతుందో పరిశీలించింది. గగన్ మన ఆకాశానికి తగిన సవరణలు పంపగలగడం వెనుక అలాంటి ఓపికైన పని ఉంది.

సున్నా ఎత్తున ఎత్తు కొలవడం

అంతర్వేది తీరాన నిలబడినవాడి ఎత్తు ఎంత? సముద్రమట్టానికి మీటరో రెండో. ఉపగ్రహాల లెక్క మాత్రం పదుల మీటర్లు సున్నాకు దిగువ అంటుంది. ఉపగ్రహాలు కొలిచేది గణితం గీసిన నున్నటి దీర్ఘవృత్త భూమి నుంచి. నిజమైన సముద్రమట్టం గురుత్వాన్ని బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది 106 మీటర్ల దాకా దిగిపోయి, ప్రపంచంలోనే అతి పెద్ద పల్లం అయింది. దాని అంచు మన తీరం దాకా పాకింది. గడియారం తనలోని పట్టికతో ఈ తేడాను సవరించి చూపిస్తుంది కాబట్టి మనకు తెలియదు.

మంచి గడియారాల్లో గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు కూడా ఉంటుంది. సముద్రమట్టం దగ్గర ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు లెక్క. ఎక్కడానికి ఏమీ లేని కోనసీమలో దీన్ని తిరగేసి చదువుకోవాలి. కదలకుండా కూర్చున్నవాడి గడియారంలో ఎత్తు పెరిగిందంటే ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఉష్ణమండలంలో ప్రతిరోజూ ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఒత్తిడి మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు సహజంగానే తగ్గుతుంది. కాబట్టి మధ్యాహ్నం 25, 30 మీటర్లు ఎక్కినట్టు చూపితే కంగారు పడనక్కరలేదు. సాయంత్రం దాటాక ఒత్తిడి మళ్లీ పెరగవలసిన వేళ కూడా పడిపోతూనే ఉంటే లంకలో ఉండకూడదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుపాను తెలిసిన ఊళ్లలో దీని విలువ వేరుగా చెప్పక్కరలేదు. వాతావరణ శాఖ హెచ్చరిక ఎప్పుడూ ముందు, గడియారం తోడు మాత్రమే.

దాటుచోట్ల దండ

ఇక నడక. కోనసీమలో బాట లేని నడకకు గమ్యం ఒక్కటే గుర్తు పెట్టుకుంటే చాలదు. బయలుదేరేముందు మ్యాపు మీద దాటుచోట్లు గుర్తించాలి. వంతెన, లాకు, కాలువ మీద వేసిన తాటి దుంగ, పడవ రేవు, కాజ్‌వే అన్నీ దాటుచోట్లే. వీటిని వరసగా గుర్తులుగా గడియారంలోకి ఎక్కించి, ఒకదాని నుంచి మరొకదానికి నడవాలి. రెండు దాటుచోట్ల మధ్య ఎటు నడిచినా పరవాలేదు. దాటుచోటు తప్పితే మాత్రం చుట్టు తప్పదు.

1850ల తొలినాళ్ల నుంచి గన్నవరం అక్విడెక్ట్ వైనతేయ మీదుగా కాలువ నీటిని రాజోలు వైపు దాటిస్తోంది. ఇప్పుడున్న కొత్త కట్టడం అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ పేరుతో ఉంది. నీళ్లు కూడా ఏటిని దాటాలంటే ఒక చోటును ఎంచుకోవలసిందే. మనిషికి అదే సూత్రం.

అక్షాంశ రేఖాంశాలు రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అమలాపురం అక్షాంశం 16.58 డిగ్రీలు. దీన్ని 16 డిగ్రీల 58 నిమిషాలుగా చదివితే 43 కిలోమీటర్లు ఉత్తరాన, బిక్కవోలు దరిదాపుల్లో తేలతాం. దశాంశాల్లో అయిదో స్థానం సుమారు ఒక మీటరు. అంతకంటే ఎక్కువ అంకెలు రాసుకోవడం వృథా.

దిక్కు విషయంలోనూ జాగ్రత్త కావాలి. జీపీఎస్ నిలబడ్డవాడికి దిక్కు చెప్పలేదు. నాలుగడుగులు నడిస్తే గాని ఎటు పోతున్నామో దానికి తెలియదు. నిలబడి ఉన్నప్పుడు బాణాన్ని తిప్పేది లోపలి అయస్కాంత దిక్సూచి. మన తీరంలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా అతి స్వల్పం, అది మన అదృష్టం. కాని ఇనుప వంతెన మీదో, మోటారు పంపు పక్కనో, బైకు హ్యాండిల్ దగ్గరో చూస్తే దిక్సూచి తప్పుతుంది. పది అడుగులు పక్కకు వచ్చి చూసుకోవాలి.

మనిషిని మించిన రెల్లులో నుంచి మురుగు కాలువ మీది దుంగ దగ్గరకు వెళ్లాలనుకుందాం. దిక్కులో అయిదు డిగ్రీలు తప్పితే కిలోమీటరు నడిచేసరికి 87 మీటర్లు పక్కకు పోతాం. కాలువ గట్టు చేరాక దుంగ కనబడదు, అది కుడిపక్కనుందో ఎడమపక్కనుందో తెలియదు. గడియారం సాయపడుతుంది గాని, ఛార్జింగ్ అయిపోతే? అందుకే పాత నావికుల పద్ధతి నేర్చుకోవాలి. దుంగకు సరిగ్గా గురిపెట్టకుండా, కావాలనే వంద మీటర్లు ఎగువకు గురిపెట్టాలి. గట్టు తగలగానే దిగువకు తిరిగితే చాలు. ఏటిగట్టు, పెద్ద కాలువ, సముద్రం అడ్డుగోడల్లాంటివి. దారి తప్పి ఎంత దూరం పోయినా ఏదో ఒకటి తగులుతుంది. ఏ పక్కన ఏది తగులుతుందో ముందే తెలిసినవాడు కోనసీమలో పూర్తిగా తప్పిపోడు.

తిరిగి రావడానికి గడియారం తన నడక జాడనే వెనక్కి చూపిస్తుంది. ఇది దాని అసలైన బలం, ఎందుకంటే ఆ జాడ నిజంగా కాలుపెట్టిన నేల. అయితే బ్యాటరీ పొదుపు కోసం నిమిషానికి ఒక్క బిందువే నమోదు చేయమంటే, ఆ నిమిషంలో మనం 80 మీటర్లు నడుస్తాం. రొయ్యల చెరువు గట్టు మలుపు తిరిగి ఉంటాం. గడియారం మలుపు వదిలేసి చెరువుకు అడ్డంగా గీత గీస్తుంది. చీకట్లో ఆ గీత పట్టుకుని వస్తే నీళ్లలోకే. గట్లున్న చోట సెకనుకు ఒక బిందువు నమోదు చేయించాలి.

సముద్రం దగ్గర ఇంకొక కొలత వచ్చి చేరుతుంది, అది వేళ. అంతర్వేదిలో వసిష్ఠ కడలిలో కలిసే చోట పాటు వేళ నడిచిన ఇసుక, పోటు వేళకు నీటికింద ఉంటుంది. ఉదయపు జాడ సాయంత్రానికి దారి కాదు. వేట చేసుకునే గంగపుత్రులకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య. ఒడ్డున కనబడే గోపురం, లైట్‌హౌస్, తాడిచెట్ల వరస కలిపి చోటు గుర్తుపట్టే వాళ్ల పద్ధతి, రేఖల ఖండనతో బిందువును పట్టే జ్యామితే. ఇప్పుడు వాళ్ల పడవల్లోనూ జీపీఎస్ ఉంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచారాన్ని గగన్ ఉపగ్రహాల ద్వారా సెల్ టవర్లు అందని సముద్రం మీదికి చేర్చే జెమిని పరికరం 2019 అక్టోబరులో వచ్చింది. వాళ్లు కొత్తది తీసుకున్నారు, పాతది వదల్లేదు. పోటూ పాటూ ఇప్పటికీ ఒంటితోనే లెక్కగడతారు.

లంకలో నడవబోయేవాడు కూడా అలాగే ముందు రేవులో పడవ నడిపేవాళ్లను అడగాలి. బాబాయ్, ఈ పాయ మోకాలి లోతా, నడుము లోతా? ఊబి ఎక్కడుంది? దుంగ ఉందా, కొట్టుకుపోయిందా? తోట ఎవరిదైతే వాళ్లను అడిగి దాటాలి. ఈ జవాబులు ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. కాని జవాబు విన్నాక దాన్ని ఒక గుర్తుగా గడియారంలో పెట్టుకోవచ్చు. అప్పుడు చోటూ దారీ కలుస్తాయి.

వేసవి జాడ, వరద అవసరం

2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి పోయింది. కోనసీమ లంకలు మునిగాయి. అంతకంటే చిన్న వరదలకే ముక్తేశ్వరం దగ్గరి ఎదురుబిడెం కాజ్‌వే, కనకాయలంక కాజ్‌వే నీటికింద పోతాయి. అలాంటి రోజున పడవ నడిపేవాడికి కనబడేది ఒకే ఎర్రటి నీరు. కింద రోడ్డు ఎటు పోయిందో, కంచె ఎక్కడుందో, కరెంటు స్తంభాల వరస ఎటుందో, మెరక మీద పశువులను కట్టిన చోటు ఏదో పైనుంచి తెలియదు. ఆ నీటిలోకి నడిచి దిగకూడదు, కాజ్‌వే మీద మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని లాగేస్తుంది. కాని సాయానికి వెళ్లే పడవకు ఆ సమాచారం కావాలి.

ఆ సమాచారాన్ని సేకరించేది వేసవిలో నడిచినవాడి గడియారం. లంక పుంతలు, మెరకలు, రేవులు, దుంగలు, బోరుబావులు, బడి డాబాలు నడిచి నమోదు చేస్తే అవి వరద రోజున నీటికింది నేలకు మ్యాపు అవుతాయి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఇలాంటి జాడలను చేర్చవచ్చు. చాలా గడియారాల్లోని మ్యాపులు తయారయ్యేది దాని నుంచే. అంటే అమలాపురంలో చదువుకునే కుర్రాడు ఇవాళ గుర్తించిన కాలిబాట రేపు ఇంకొకరి మణికట్టు మీద కనబడుతుంది.

అయితే లంక ప్రతి వరదకూ మారుతుంది. అందుకని ప్రతి గుర్తుకూ మూడు మాటలు తోడవ్వాలి. ఊళ్లో వాళ్లు పిలిచే పేరు, చూసిన తేదీ, అప్పటి నీటి మట్టం. తేదీ లేని గుర్తు కొట్టుకుపోయిన దుంగ దగ్గరకు మనిషిని తీసుకెళ్తుంది. తేదీ ఉన్న గుర్తు మళ్లీ వెళ్లి చూసుకోమని చెబుతుంది. ఈ పనికి ఖరీదైన గడియారం అక్కరలేదు, జీపీఎస్ ఉన్న ఏ ఫోనైనా చాలు. కావలసింది ఏటా వేసవిలో ఊరివాళ్లతో కలిసి లంక చుట్టివచ్చే అలవాటు. కోనసీమలోని ప్రతి బడీ, ప్రతి కళాశాలా జూన్ వానలకు ముందే తన చుట్టుపక్కల లంకను ఒకసారి నడిచి, నమోదు చేసి, పాత గుర్తులను సరిచూడాలి. ఉపగ్రహాలు చోటు చెప్పే పని ఎలాగూ చేస్తున్నాయి. దారి చెప్పే పని మనది.